సాయంత్రం తోకచుక్క: హైదరాబాద్‌లో ఎక్కడి నుంచి చూడాలి, ఎలా ఫొటో తీయాలి?

మియాపూర్_మేడమీద | 2024 అక్టోబర్ 12, రాత్రి 9:40

అందరికీ దసరా శుభాకాంక్షలు.

జమ్మి ఆకు పంచేసి ఆరున్నరకి మేడ ఎక్కాను. పడమర వైపు శుక్రుడు ఒక్కడే కనిపించాడు. మిగతాదంతా పొగ, ఎదురు అపార్ట్‌మెంట్ లిఫ్టు గది, దాని మీద ఎవరో చుట్టిన సీరియల్ లైట్లు. సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క ఈరోజే భూమికి బాగా దగ్గరగా వస్తుందని చదివి ఎక్కాను. అరగంట నిలబడితే దోమలు కుట్టాయి, అంతే.

అసలు సంగతి మా నాన్న. ఆయనకి 74. ఖమ్మం దగ్గర మా ఊళ్లో, చిన్నప్పుడు తెల్లవారుజామున పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్తూ తోకచుక్కను చూశారట. "చీపురుకట్టని ఆకాశానికి ఆనించి పెట్టినట్టుంది" అంటారు. ఏ సంవత్సరమో గుర్తు లేదు, తొమ్మిదో పదో చదువుతున్నప్పుడని మాత్రం చెప్తారు. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. ఈసారి మళ్లీ చూపించాలని ఉంది.

నా దగ్గర పన్నెండేళ్ల నాటి డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్సు, ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఉన్నాయి. ట్రైపాడ్ ఆఫీసులో ఒకరిని అడిగాను. ఎక్కడికి వెళ్లాలి, ఏ టైముకి, ఏ సెట్టింగులు? పెళ్లి ఫొటోలు తప్ప ఇంకేం తీసినవాణ్ని కాదు.

స్వాతిచినుకు | అక్టోబర్ 12, రాత్రి 10:15

మీ తప్పేం లేదండి. ఈరోజు దగ్గరికొచ్చిన మాట నిజమే, సుమారు 7 కోట్ల కిలోమీటర్లు. కానీ దగ్గరగా ఉండటం వేరు, మనకి ఎత్తులో కనిపించడం వేరు. అది ఇంకా సూర్యుడి కొంగు పట్టుకునే ఉంది. ఆయన దిగిన కాసేపటికే ఇదీ దిగిపోతుంది. రేపటి నుంచి రోజుకి సుమారు మూడు వేళ్ల మందం పైకొస్తుంది (చెయ్యి చాచి చూస్తే మూడు వేళ్లు 5 డిగ్రీలు, పిడికిలి 10 డిగ్రీలు).

వెతకడం ఇలా. పడమరకి తిరిగి నిలబడండి. ఎడమచేతి వైపు శుక్రుడు, పొరపడే అవకాశమే లేదు. కుడిచేతి వైపు కాస్త నారింజ రంగులో స్వాతి నక్షత్రం. ఆ రెండిటికీ మధ్య ఒక దండెం కట్టారనుకోండి. రేపు తోకచుక్క దండేనికి మధ్యలో, కింద ఉంటుంది. 14, 15 తేదీల్లో దండెం మీదికి వస్తుంది. ఆ తర్వాత దాటి పైకి పోతుంది.

సూర్యాస్తమయం 5:50 దాటాక. 6:25 నుంచి 6:50 వరకు వెతకండి. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి కానీ సూర్యుడు పూర్తిగా దిగాకే కళ్లకి పెట్టుకోండి. ఈ ఒక్క విషయంలో తొందరపడొద్దు.

చార్మినార్_చాయ్ | అక్టోబర్ 13, సాయంత్రం 6:58

దొరికిందన్నా, దొరికింది! ట్యాంక్‌బండ్ మీద నిలబడి తీసిన. బుద్ధుడికి కుడి దిక్కు, పైన నారింజ రంగు గీత. తోక ఎంత పొడుగుందో చూడుండ్రి. మస్తుగుంది. అప్పుడే 34 లైకులొచ్చినయ్.

లెక్కలమాస్టారు | అక్టోబర్ 13, రాత్రి 7:20

బాబూ, ఫొటో బాగుంది, బుద్ధుడు మరీ బాగున్నాడు. కానీ అది విమానం గీసిన గీత. దిగిపోయిన సూర్యుడి వెలుగు పైనున్న ఆవిరి చారకి తగిలి ఎర్రగా మెరుస్తోంది.

పోల్చుకోవడం తేలికే. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిశలో ఉంటుంది. సాయంత్రం సూర్యుడు కింద ఉన్నాడు కాబట్టి తల కిందికి, తోక పైకి ఉండాలి. నీ ఫొటోలో గీత అడ్డంగా పడుకుని ఉంది. ఇంకా అనుమానముంటే ఐదు నిమిషాలాగి అక్కడి నుంచే ఇంకో ఫొటో తీసి చూడు. తోకచుక్క చుట్టూ ఉన్న చుక్కలతో కలిసి నెమ్మదిగా కిందికి జారుతుంది. విమానం గీత చెదిరిపోతుంది, లేదా తనదారిన తను పోతుంది.

చార్మినార్_చాయ్ | అక్టోబర్ 13, రాత్రి 7:26

అంటే నేను ముంబై ఫ్లైటుకి ఫొటో తీసిన్నా? ఇప్పుడు డిలీట్ చెయ్యాల్నా, ఎవరూ చూడనట్టు ఉండాల్నా?

ఉప్పల్_వైపు | అక్టోబర్ 13, రాత్రి 8:05

మాకు వరంగల్ రోడ్డు దగ్గర. ఘట్‌కేసర్ దాటితే చీకటి బాగానే ఉంటుంది, భువనగిరి దాకా పోతే ఇంకా మంచిది కదా? మియాపూర్ ఆయన కూడా ఇటు రావొచ్చు. ఔటర్ ఎక్కితే ఎంతసేపు.

స్వాతిచినుకు | అక్టోబర్ 13, రాత్రి 8:31

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చీకటి ఎంత ఉందన్నది తర్వాత, ముందు చీకటి ఏ వైపు ఉందో చూడాలి. భువనగిరి ఊరికి తూర్పున ఉంది. అక్కడ నిలబడి పడమరకి తిరిగితే ఎదురుగా ఏముంటుంది? హైదరాబాద్ మొత్తం. కోటి మంది వెలిగించిన లైట్ల మబ్బులోకి చూస్తారు. నెత్తి మీద చుక్కలు చాలానే కనిపిస్తాయి, పడమటి అంచు మాత్రం పాలు పొంగినట్టు తెల్లగా ఉంటుంది. మనక్కావలసింది ఆ అంచే.

సాయంత్రం తోకచుక్కకి ఊరు మన వీపు వెనక ఉండాలి. అంటే మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు. సెప్టెంబర్ చివర్లో ఇదే తోకచుక్క తెల్లవారుజామున తూర్పున ఉన్నప్పుడు మీ భువనగిరి రోడ్డే మంచిది. నేనూ అప్పుడు అటే వెళ్లాను.

ఉప్పల్_వైపు | అక్టోబర్ 13, రాత్రి 8:40

నాకు ఈ ఆలోచనే రాలేదండి. 2020లో నియోవైజ్ తోకచుక్కకి కూడా ఘట్‌కేసరే వెళ్లాను. వానాకాలం మబ్బుల వల్ల కనబడలేదనుకున్నాను ఇన్నాళ్లూ.

గండిపేట_గాలి | అక్టోబర్ 13, రాత్రి 9:12

చూశాను. గండిపేట చెరువుకి తూర్పు గట్టు నుంచి, నీళ్ల మీదుగా. 6:28కి బైనాక్యులర్‌లో పట్టుకున్నాను. తల చిన్న అగ్గిచుక్కలా ఉంది, పైకి పొట్టి తోక. అంచు దగ్గర గోధుమరంగు దుమ్ముపొర, అందులోంచి చూస్తున్నందుకేమో తోక కూడా కాస్త టీ రంగులో ఉంది. ఎక్కడుందో తెలిశాక బైనాక్యులర్ తీసేసి ఉత్త కళ్లతో చూశాను, కనిపించింది. తెలియకముందు అదే చోటు మూడుసార్లు చూశాను, ఏమీ కనబడలేదు. మొత్తం ఎనిమిది నిమిషాలు. తర్వాత పొరలో కలిసిపోయింది.

పక్కన రీల్స్ తీసుకుంటున్న ముగ్గురు పిల్లలకి చూపించాను. "ఇంతేనా అంకుల్" అన్నారు.

పాతకెమెరా | అక్టోబర్ 13, రాత్రి 10:50

మియాపూర్ వారికి. మీ సామాను చాలు. 18-55 సంచిలోనే ఉంచండి, 50 ఎంఎం బిగించండి. నేను చెప్పేది ఒక వరసలో చేయండి.

ముందు ఫోకస్. తొంభై శాతం ఫొటోలు ఇక్కడే పోతాయి. లెన్సు మీద మీట ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చండి. శుక్రుడి వైపు తిప్పి, లైవ్ వ్యూ పెట్టి, స్క్రీన్ మీద పది రెట్లు పెద్దది చేయండి. ఇప్పుడు రింగు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే శుక్రుడు బంతిలా ఉన్నవాడు చిన్నగా, చిన్నగా అవుతాడు, మళ్లీ పెద్దవడం మొదలవుతుంది. బాగా చిన్నగా ఉన్న చోట ఆపండి. లెన్సు మీద అనంతం గుర్తు ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. ఆపాక రింగు మీద ఒక ముక్క టేపు అంటించండి. చీకట్లో చెయ్యి తగిలి కదిలిందంటే మీకు తెలియను కూడా తెలియదు.

ఎఫ్ 1.8 ఉంది కదా అని పూర్తిగా తెరవకండి. అంచుల్లో చుక్కలకి రెక్కలొస్తాయి. 2.8 పెట్టండి. చుక్కలు గీతల్లా సాగకుండా షట్టర్ ఎంతసేపు తెరవొచ్చంటే, 500ని లెన్సు ఎంఎం అంకెతో భాగించమని పాత లెక్క. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 50ని 75 అనుకోవాలి, ఆరున్నర సెకన్లు వస్తుంది. అది కాస్త వదులు లెక్క, నేనైతే 4 సెకన్లు దాటను. సంజె వెలుగు ఉన్నప్పుడు ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 400, ఒకటి రెండు సెకన్లు. బాగా చీకటి పడ్డాక 1600, 4 సెకన్లు. రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) తీయండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, బటన్ నొక్కిన అదురు కూడా ఫొటోలో పడుతుంది.

ఒకే ఫొటో మీద ఆశ పెట్టుకోకండి. ఒకే సెట్టింగులో ముప్పై తీయండి. తర్వాత సీక్వేటర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ముప్పైనీ కలిపి గరుకుతనం తగ్గిస్తుంది.

ఇంకోటి. తెచ్చుకున్న ట్రైపాడ్‌కి ప్లేట్ (కెమెరాని దానికి బిగించే చిన్న పలక) ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అరువు ట్రైపాడ్‌కి ప్లేట్ ఉండదని నా అనుభవం.

మియాపూర్_మేడమీద | అక్టోబర్ 14, సాయంత్రం 7:15

ప్లేట్ లేదు సార్.

మబ్బు కూడా పట్టింది. నాన్నని మేడ ఎక్కించి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గంట కూర్చుని "రేపు చూద్దాం లేరా, చిత్త కార్తెలో ఆకాశం మన మాట వింటుందా" అని దిగిపోయారు.

గండిపేట_గాలి | అక్టోబర్ 14, రాత్రి 8:02

మాకు ఇక్కడ పది నిమిషాలు మబ్బు విడిపోయింది. నిన్నటికంటే ఎత్తుగా ఉంది, పిడికిలి పైమాటే. ఫొటోలో ఒక వింత. తోక పైకి ఉంది సరే, తల కింద కూడా సూదిలాంటి సన్నటి గీత ఉంది, సూర్యుడి వైపు. లెన్సు లోపమా? అన్ని ఫొటోల్లోనూ ఉంది.

లెక్కలమాస్టారు | అక్టోబర్ 14, రాత్రి 8:45

లోపం కాదు, అదృష్టం! దాన్ని ఎదురుతోక అంటారు. తోకచుక్క నడిచిన దారి పొడవునా బరువైన దుమ్ము రేణువులు వెనకబడి పలచటి పళ్లెంలా పరుచుకుని ఉంటాయి. మామూలుగా ఆ పళ్లెం మనకి వెడల్పుగా కనిపిస్తుంది, అంత పలచనిదాన్ని పట్టలేం. ఇప్పుడు భూమి సరిగ్గా ఆ పళ్లెం తలంలోంచి దాటుతోంది. అంచు వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి దుమ్మంతా ఒకే గీతలో కలిసి కనిపిస్తుంది. సూర్యుడి వైపు ఉన్నట్టు అనిపించడం కేవలం మనం చూసే కోణం వల్ల. రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఇలాంటిదే ఇంకో తమాషా, అక్టోబర్ 9 ప్రాంతంలో ఇది శుక్రుడంత ప్రకాశించింది. మనమెవరం చూడలేదు, సూర్యుడి పక్కనే ఉంది. సూర్యుణ్ని గమనించే సోహో ఉపగ్రహం కెమెరాలో మాత్రం 7 నుంచి 11 దాకా కనిపించింది. అంత వెలుగు ఎందుకంటే, అప్పుడు అది మనకీ సూర్యుడికీ మధ్యగా దాటింది. సాయంత్రం పూట పడమర వైపు బండి నడుపుతుంటే హెల్మెట్ అద్దం మీది దుమ్మంతా భగ్గున మెరుస్తుంది చూడండి, ఎండ వీపు మీద ఉన్నప్పుడు అదే దుమ్ము కనబడదు. అదే సంగతి.

కూకట్‌పల్లి_కిటికీ | అక్టోబర్ 15, ఉదయం 11:20

నమస్తే, కొత్త సభ్యురాలిని. నాకు ఆరో నెల. అత్తగారు తోకచుక్క చూడొద్దంటున్నారు, కీడు అని. గొడవ పడటం ఇష్టం లేదు, కానీ చూడాలని ఉంది. వాళ్లకి ఏం చెప్పాలి?

స్వాతిచినుకు | అక్టోబర్ 15, ఉదయం 11:48

శుభాకాంక్షలండీ. తోకచుక్క అంటే దుమ్ము కలిసిన మంచుముద్ద. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు మంచు ఆవిరై, దుమ్ము లేచి తోకవుతుంది. కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది. దాని వెలుగు కూడా చందమామది లాంటిదే, చాలావరకు సూర్యుడి వెలుగు తిరిగి వస్తున్నదే.

కానీ ఇవన్నీ అత్తగారికి చెప్పకండి, వినరు. నేను నా రోజుల్లో చేసిన పని చెప్తాను. "అత్తయ్యా, నాకు కనబడట్లేదు, మీరు చూసి చెప్పండి" అని బైనాక్యులర్ వాళ్ల చేతికిచ్చాను. పావుగంట దాకా నాకు తిరిగి రాలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం జాగ్రత్త, అసలు ప్రమాదం అక్కడుంది.

చార్మినార్_చాయ్ | అక్టోబర్ 15, మధ్యాహ్నం 1:10

80 వేల ఏండ్లకోసారి వస్తదంట కదా? ఇప్పుడు మిస్ అయితే ఇక మన మునిమనవళ్లకి కూడా కష్టమే.

లెక్కలమాస్టారు | అక్టోబర్ 15, మధ్యాహ్నం 2:30

ఆ 80 వేలు టీవీలో బాగా తిరుగుతోంది. మొదట్లో వేసిన లెక్కల్లోంచి వచ్చిన అంకె అది. ఇది ఊర్ట్ మేఘం నుంచి, అంటే సౌర కుటుంబం పొలిమేర నుంచి వచ్చింది. ఇప్పటి లెక్కల ప్రకారం సూర్యుణ్ని చుట్టి పోయాక అసలు తిరిగి రాకపోవచ్చు కూడా. పేరు ఎందుకంత పెద్దదో కూడా చెప్తాను. 2023 జనవరిలో చైనా పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోప్ దీన్ని విడివిడిగా పట్టాయి. సుచిన్‌షాన్ అంటే ఆ పర్పుల్ మౌంటెనే.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి. తోకచుక్కకి పేరెక్కిన భారతీయుడు వైను బాప్పు. ఆయన తండ్రి ఇక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు, కొడుకు నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లాడు. 1949లో అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కని గుర్తుపట్టాడు. బాప్పు-బోక్-న్యూకిర్క్ అని దాని పేరు. అమీర్‌పేట మెట్రో దిగి రద్దీలో తోసుకుంటూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పక్కనే బేగంపేటలో ఉండేది ఆ అబ్జర్వేటరీ. చుక్కల పటం కోసం ప్రపంచమంతా కలిసి చేసిన పనిలో ఒక వాటా ఇక్కడి నుంచి ఫొటోలు తీశారు. ఇప్పుడు అక్కడ నిలబడితే చుక్క కాదు, చందమామని వెతుక్కోవాలి.

మియాపూర్ బాబూ, మీ నాన్నగారు చూసింది 1965 నాటి ఇకేయా-సెకీ అయ్యుండాలి. అక్టోబర్ 21న సూర్యుణ్ని దాదాపు రాసుకుంటూ పోయింది. ఆ తర్వాత తెల్లవారుజామున తూర్పున పొడవాటి తోకతో కనిపించింది. వయసు సరిపోతోంది. ఆయన్ని అడిగి చెప్పు, చలి మొదలైన రోజులేనా అని.

మియాపూర్_మేడమీద | అక్టోబర్ 15, సాయంత్రం 6:10

అడిగాను మాస్టారూ. "కార్తీకమాసం స్నానాలకి మా అమ్మ లేచేది, ఆవిడే లేపింది" అన్నారు. తేదీ సరిపోయినట్టే. నేను పుట్టాక ఈ మాట ఆయన నోట వినడం ఇదే మొదటిసారి.

ఈరోజూ మబ్బే.

పాతకెమెరా | అక్టోబర్ 15, రాత్రి 9:30

మబ్బు రోజు కాబట్టి నా పాత ఏడుపు ఒకటి వినండి. 1997 ఏప్రిల్, హేల్-బాప్. చూసినవాళ్లకి తెలుసు, అది వెతుక్కునే తోకచుక్క కాదు, బస్సులోంచి కూడా కనిపించింది. పద్దెనిమిది నెలలు కంటికి ఆనింది. వాయవ్యాన ఒక తెల్ల తోక, పక్కన ఒక నీలం తోక. నేను 400 స్పీడు ఫిల్ము, 36 ఫొటోల రోలు పెట్టి మూడు సాయంత్రాలు తీశాను. కేబుల్ రిలీజ్ పట్టుకుని నోటితో ఒకటి రెండు లెక్కపెడుతూ.

రోలు కడగడానికి ఒక స్టూడియోలో ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత వెళితే కవరులో రెండే ప్రింట్లు, రెండూ రోలు చివర తీసిన మా అమ్మాయి పుట్టినరోజువి. "మిగతావి ఖాళీ సార్, ఏమీ పడలేదు, డబ్బులు మిగిల్చాం మీకు" అన్నాడు. నెగటివ్‌లు ఏవి అంటే ఇచ్చాడు. నల్లటి ఆకాశం కదా, ఏ ఫ్రేము ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మిషనుకి తెలియలేదు. అన్నిటినీ తోచినచోట కత్తిరించారు. దీపం ముందు పెట్టి చూస్తే హేల్-బాప్ తల ఒక ముక్కలో, తోక ఇంకో ముక్కలో.

ఆ తర్వాత నుంచి ప్రతి రోలులో మొదటి ఫొటో పగటిపూట గోడదో చెట్టుదో తీసేవాణ్ని, కొలత దొరకడానికి. డిజిటల్‌లో ఆ బాధ లేదు, ఫోకస్ బాధ ఒక్కటే. టేపు మర్చిపోకండి.

గండిపేట_గాలి | అక్టోబర్ 15, రాత్రి 9:41

తల ఒక ముక్క, తోక ఒక ముక్క! నవ్వొచ్చింది సార్, క్షమించండి.

చార్మినార్_చాయ్ | అక్టోబర్ 16, రాత్రి 8:20

ఈసారి ఒట్టు, విమానం కాదు. హిమాయత్‌సాగర్ కట్ట దగ్గర మబ్బుల నడుమ సందు దొరికింది. తల కింద, తోక పైన, మాస్టారు చెప్పినట్టే. ఐదు నిమిషాలాగి మళ్లీ తీసిన, చుక్కలతోపాటే కిందికి జరిగింది. ఫోన్‌లోనే. నైట్ మోడ్, ఫోన్‌ని హెల్మెట్‌కి ఆనించి పెట్టి, టైమర్ మీద పది సెకన్లు. చేత పట్టుకుంటే మూడు సెకన్లకు మించి ఇయ్యలేదు, ఆనించి పెట్టినంక అదే పదికి పోయింది.

లైకులు 11. విమానానికే ఎక్కువొచ్చినయ్.

లెక్కలమాస్టారు | అక్టోబర్ 16, రాత్రి 8:33

శభాష్. పది సెకన్లలో కంటికి ఆనని తోక కూడా పట్టావు.

మియాపూర్_మేడమీద | అక్టోబర్ 17, ఉదయం 8:15

రేపటి నుంచి మబ్బు తగ్గుతుందంటున్నారు. కానీ ఈరోజు పున్నమి. టెన్షన్‌గా ఉంది, రోజురోజుకీ వెలుగు తగ్గిపోతోందట కదా. ఈరోజే వెళ్లాలా, ఆదివారం దాకా ఆగొచ్చా?

స్వాతిచినుకు | అక్టోబర్ 17, ఉదయం 9:05

ఇక్కడ బేరం ఉంది. తోకచుక్క రోజురోజుకీ మసకబారుతున్న మాట నిజం. కానీ ఎత్తు పెరుగుతోంది, అంచు దగ్గరి దుమ్ములోంచి బయటపడుతోంది. చంద్రుడు ఈరోజు సూర్యుడు దిగగానే తూర్పున లేస్తాడు, ఆకాశమంతా కడిగేస్తాడు. రోజుకి ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యం. శనివారానికి సంజె పూర్తిగా పోయేసరికే వచ్చేస్తాడు. ఆదివారం మాత్రం ఏడు దాటాక గంటకి పైగా కటిక చీకటి, తర్వాతే చంద్రుడు. ఊళ్లో నుంచి చూసేవాళ్లయితే ఈరోజే చూడండి. బయటికి వెళ్లగలిగితే ఆదివారం, 20వ తేదీ.

ఒక్కటి ముందే చెప్తున్నా. ఆదివారానికి అది దీపంలా ఉండదు. ఎవరో వేలితో సుద్దముక్క పులిమినట్టుంటుంది. నాన్నగారిని చీపురుకట్ట కోసం ఎదురుచూడనివ్వకండి. నేనూ వస్తాను, చేవెళ్ల దాటి మన్నెగూడ లోపల నాకు తెలిసిన చోటు ఒకటుంది. రోడ్డు పక్కనే వద్దు. ఆ మర్రిచెట్లు ఎంత అందమైనవో అంత అడ్డం, పైగా ఎదురొచ్చే బండ్ల లైట్లు. లోపలికి అర కిలోమీటరు మట్టిబాట ఉంది, పడమర మొత్తం కంది చేలు.

పాతకెమెరా | అక్టోబర్ 17, ఉదయం 9:40

నేనూ వస్తున్నా. నా దగ్గర మూడు రకాల ప్లేట్లున్నాయి, ఏదో ఒకటి సరిపోతుంది. మియాపూర్ వారూ, నాన్నగారికి స్వెట్టరు, మడత కుర్చీ. ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టిన టార్చి. ఫోన్ వెలుగు తగ్గించుకోండి, ఒక్కసారి తెల్ల వెలుగు కళ్లలో పడితే ఇరవై నిమిషాలు గుడ్డివాళ్లమే.

మియాపూర్_మేడమీద | అక్టోబర్ 20, రాత్రి 11:55

ఇప్పుడే ఇల్లు చేరాం. నిద్రపట్టేలా లేదు, రాసేస్తున్నా.

ఆరింటికి చేరుకున్నాం. స్వాతిచినుకు గారు అప్పటికే చాప పరిచి ఉన్నారు. పాతకెమెరా సార్ ప్లేట్ బిగించారు, రెండోది సరిపోయింది. శుక్రుడు కనబడగానే ఫోకస్ మొదలుపెట్టాను, సార్ చెప్పినట్టే బంతి చిన్నదైంది, టేపు వేశాను. అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

ఏడవుతుంటే ఒకాయన బండి మీద వచ్చి ఆగాడు. "సర్వేనా సార్? ఎవరి భూమి కొలుస్తున్నరు?" ట్రైపాడ్ చూసి అలా అనుకున్నాడు. ఈ మధ్య రెండుసార్లు కొలతల వాళ్లొచ్చారట, ఏ రోడ్డు పోతుందో, ఎవరి పొలం పోతుందో అని ఊరంతా బెంగగా ఉందట. తోకచుక్క కోసం అంటే నమ్మలేదు. స్వాతిచినుకు గారు బైనాక్యులర్ ఇచ్చి, శుక్రుడి నుంచి పైకి, కుడివైపుకి రెండున్నర పిడికిళ్లు అని చెయ్యి పట్టి చూపించారు. చాలాసేపు చూసి "గిది రోజు ఉంటదా? నేను రోజూ ఇదే బాటల పోతున్న" అన్నాడు. బండి స్టాండ్ వేసి మాతోనే ఉండిపోయాడు.

నాన్న. ఉత్త కళ్లతో ఆయనకి దొరకలేదు. నాకే పక్కచూపు చూస్తే తప్ప ఆనలేదు, సూటిగా చూస్తే మాయమైపోతుంది. బైనాక్యులర్ పెట్టాక "ఆ, ఉంది. తోక పైకి. చాలా పొడుగుందిరా, అద్దంలో పట్టట్లేదు" అన్నారు. తర్వాత దించి, "అప్పటిదే పెద్దది" అన్నారు. మొహమాటం లేని మనిషి.

కుర్చీలో వెనక్కి వాలి తల పైకెత్తారు. కాసేపు మాట్లాడలేదు. నైరుతి నుంచి నడినెత్తి దాకా చూపు పోనిచ్చి, "ఇది పాలపుంత కదూ? ఇంకా ఉందా ఇది?" అని అడిగారు. పోయిందనుకున్నారట. హైదరాబాద్ వచ్చి 22 ఏళ్లయింది, ఎప్పుడూ కనబడకపోయేసరికి కాలుష్యానికి పోయిందేమో అనుకున్నారట. ఇంక తోకచుక్క సంగతి వదిలేసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. చంద్రుడొచ్చేదాకా లేవలేదు.

ఫొటోలు: మొదటి 40 పోయాయి. టేపు వేసింది నిజమే, కానీ ఆ తర్వాత చీకట్లో కెమెరా తడుముతూ మాన్యువల్ మీటని మళ్లీ ఆటోకి నెట్టాను. బటన్ నొక్కినప్పుడల్లా లెన్సు లోపల కిర్రుమంటుంటే షట్టర్ చప్పుడే అనుకున్నాను. పాతకెమెరా సార్ చప్పుడు విని పక్క నుంచే కనిపెట్టారు. మళ్లీ ఫోకస్ చేశాం, అప్పటికి శుక్రుడు పొరలోకి దిగిపోతున్నాడు, వేరే చుక్క మీద చేయాల్సొచ్చింది. తర్వాతి 32 బాగున్నాయి. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, 4 సెకన్లు. మూడింటిలో రోడ్డు మీది బస్సు లైట్లు పడి కంది మొక్కలు పట్టపగల్లా వచ్చాయి.

గండిపేట_గాలి | అక్టోబర్ 21, ఉదయం 7:30

ఆ బస్సు లైటు పడిన ఫొటో పారేయకండి. ముందు చేను వెలుగు, వెనక తోకచుక్క, కావాలని తీద్దామన్నా రాదు.

లెక్కలమాస్టారు | అక్టోబర్ 21, ఉదయం 8:10

నాన్నగారు చెప్పింది సరైనదే, 1965దే పెద్దది. నేను 1986లో హేలీ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాణ్ని. అది సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు భూమి సరిగ్గా అవతలి వైపు ఉండిపోయింది. చూశానంటే చూశాను. మళ్లీ 2061లో వస్తుంది, ఆ పూచీ మీకు అప్పగిస్తున్నా.

కూకట్‌పల్లి_కిటికీ | అక్టోబర్ 21, ఉదయం 10:02

మేమూ 17న చూశాం, మేడ మీంచే, పున్నమి వెన్నెల్లోనే. స్వాతిచినుకు గారి ఉపాయం పనిచేసింది. అత్తగారు కాలనీలో ఇంకో ముగ్గురిని కూడా పిలిచారు. నా వంతు వచ్చేసరికి నీళ్ల ట్యాంకు వెనక్కి దిగిపోతోంది.

మియాపూర్_మేడమీద | అక్టోబర్ 21, రాత్రి 9:20

29 ఫొటోలు కలిపాను, పైన పెట్టాను. తోక ఫ్రేములో దాదాపు మూడో వంతు ఉంది. ఇదంతా కంటికి కనిపించిందని ఎవరూ అనుకోవద్దు, మాకు కనిపించింది ఇందులో సగం కూడా కాదు. బస్సు ఫొటో విడిగా పెట్టాను. నాన్న దాన్ని చూసి "చేను బాగా ఎదిగింది" అన్నారు.

పాతకెమెరా సార్, మీ ప్లేట్ నా కెమెరాకే ఉండిపోయింది. ఎక్కడికి తెచ్చివ్వమంటారు?

పాతకెమెరా | అక్టోబర్ 21, రాత్రి 9:34

మీ దగ్గరే ఉంచండి. వచ్చే నెల అమావాస్యకి నాన్నగారిని తీసుకుని మళ్లీ అక్కడికే రండి, అప్పుడు ఇద్దురుగాని. నా రెండు ఎర్ర సెల్లోఫేన్ టార్చిల్లో ఒకటి కనబడట్లేదు. మీ సంచిలో ఉందేమో చూడండి, లేకపోతే బండి ఆయన పట్టుకెళ్లినట్టే.